పాల సీసాలో సాస్.. డబ్బాలో స్పఘెట్టీ: ఇటలీ బావర్చీ బొయార్ది కథ

అమెరికాలో కిరాణా సామాన్లకు వెళ్లిన మనవాళ్లలో చాలామంది ఆ డబ్బాను చూసే ఉంటారు. తెల్లటి పొడవాటి టోపీ, తీర్చిన మీసం, నవ్వు మొహం. లోపల టమాటా సాస్‌లో నానిన మెత్తటి పాస్తా. పేరు షెఫ్ బాయ్‌ఆర్‌డీ. హలాల్ కాదని మాంసం రకాల జోలికి మనవాళ్లు పోకపోవచ్చు గానీ, ఆ మొహం మాత్రం గుర్తుండిపోతుంది. సరుకు అమ్ముకోవడానికి కంపెనీలు ఇలాంటి బొమ్మలను పుట్టిస్తుంటాయి కదా, ఇదీ అలాంటిదే అనుకునేవాళ్లు అమెరికాలోనే బోలెడు మంది. కానీ ఆ మనిషి నిజంగానే బతికాడు. పదహారేళ్లకు ఓడ దిగి, అంట్లు, కూరగాయలు, పొయ్యిల మధ్య ఎదిగి, తన ఊరి వంటను అమెరికా అంతా తినేలా చేశాడు. ఆ ప్రయాణంలో ఆ వంట ఎంత మిగిలింది, ఎంత మారింది అనేది మాత్రం ఇప్పటికీ తెగని పంచాయితీ.

అసలు పేరు ఎత్తోరె బొయార్ది. 1897 అక్టోబర్ 22న ఉత్తర ఇటలీలో, పియాచెంజా పట్టణానికి దగ్గర్లోని బోర్గొనోవో వాల్ తిదోనె అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఆ ప్రాంతాన్ని ఎమీలియా అంటారు. ఆవులు, పాలు, వెన్న, జున్ను బాగా దొరికే నేల. కలిగినవాళ్ల ఇళ్లల్లో గుడ్డు కలిపి పిసికిన పిండితో పాస్తా చేసుకునేవాళ్లు. లేనివాళ్లు మిగిలిపోయిన ఎండు రొట్టెను పొడి చేసి, కాస్త పిండి కలిపి, వేలి కొసంత ఉండలు చేసి, ఉడికించిన గింజల్లో వేసి తినేవాళ్లు. పిసారెయి అనే ఆ వంటకం ఇప్పుడు పియాచెంజా హోటళ్లలో గొప్పగా అమ్ముడుపోతోంది. పేదోళ్ల తిండి కొన్నాళ్లకు పెద్దోళ్ల ముచ్చట కావడం మన దగ్గరా చూస్తున్నదే, జొన్న రొట్టె లెక్క.

ఎత్తోరె పదకొండేళ్లకే పనిలో చేరాడు. ఊళ్లోని లా క్రోచె బియాంకా అనే హోటల్‌లో బంగాళాదుంపల పొట్టు తీయడం, చెత్త బయట పారేయడం, పెద్ద వంటవాళ్లు చెప్పిన పని చేసిపెట్టడం. బడిలో నేర్చింది తక్కువ, పొయ్యి దగ్గర నేర్చింది ఎక్కువ. మన దగ్గర దేగ్ కింద మంట ఎంత పెట్టాలో ఉస్తాద్ పక్కన నిలబడి నేర్చుకునే కుర్రాళ్లు ఉంటారే, అట్లాంటి చదువే ఆయనది కూడా.

అప్పటికే అన్న పావొలో అమెరికా చేరి, న్యూయార్క్‌లోని పేరుమోసిన ప్లాజా హోటల్‌లో పనిచేస్తున్నాడు. తమ్ముడు కూడా అదే దారి పట్టాడు. లా లొరెన్ అనే ఫ్రెంచి ఓడలో ప్రయాణించి 1914 మే 9న ఎల్లిస్ ఐలాండ్‌లో దిగాడు. మూడు నెలలు తిరక్కుండానే యూరప్‌లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. కాస్త ఆలస్యం చేసి ఉంటే ఆ కుర్రాడి చేతికి గరిటె బదులు తుపాకీ వచ్చేదేమో.

ఎత్తోరె దిగిన రేవులో ఆయన ఒంటరి కాదు. 1880 నుంచి 1920 మధ్య నలభై లక్షలకు పైగా ఇటాలియన్లు అమెరికా చేరారు. వాళ్లలో అత్యధికులు దక్షిణాది వాళ్లు. సిసిలీ, నేపుల్స్ పరిసరాలు, కలాబ్రియా, అబ్రుజ్జి నుంచి భూమి లేక, పన్నులు కట్టలేక, కరువుకు తాళలేక వచ్చిన కూలీలు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇటలీ ఒకే రాజ్యంగా ఏర్పడింది 1861లో. ఓడ ఎక్కినవాళ్లలో చాలామందికి తాము ఇటాలియన్లమనే భావనే గట్టిగా లేదు. ఒకడు పలెర్మో వాడు, ఒకడు నేపుల్స్ వాడు, ఒకడు ఫలానా కొండ మీది ఊరివాడు. ఒకరి యాస మరొకరికి అర్థమయ్యేది కాదు, ఒకరి వంట మరొకరికి ఎక్కేది కాదు. అమెరికాలో దిగాక మాత్రం చూసేవాళ్లందరికీ వాళ్లు ఇటాలియన్లే. ఒకే వీధిలో ఇరుకు గదుల్లో పక్కపక్కన బతుకుతూ, ఒకే దుకాణంలో సరుకులు కొంటూ, మెల్లగా ఒకరి కూర మరొకరు నేర్చుకున్నారు. మనం ఇప్పుడు ఇటాలియన్ ఫుడ్ అని పిలిచేదాంట్లో చాలా భాగం అమెరికాలోని ఆ వీధుల్లో తయారైందే.

ఊళ్లో ఉన్నప్పుడు ఈ కూలీలకు మాంసం అంటే పండగ రోజు మాట. గోధుమ రొట్టె కూడా కొందరికి రోజూ దొరికేది కాదు. ఉత్తరాదిన మొక్కజొన్న సంకటి, దక్షిణాదిన ఆకుకూరలు, గింజలు, ముతక రొట్టె. అమెరికాలో మజూరీ డబ్బులు చేతిలో పడేసరికి, అక్కడ చవగ్గా దొరికే మాంసం వంటింట్లోకి వచ్చింది. ఇటలీలో చిన్నవిగా చేసుకుని విడిగా తినే మాంసం ఉండలు ఇక్కడ పెద్దవై, స్పఘెట్టీ మీదికెక్కి కూర్చున్నాయి. ఇటలీ నుంచి కొత్తగా వచ్చినవాళ్లు ఆ పళ్లెం చూసి ఇదేం వంట అని ముక్కున వేలేసుకునేవాళ్లు. కానీ అది మోసం కాదు. ఊళ్లో కలలో మాత్రమే కనిపించిన పండగ భోజనాన్ని ఇక్కడ ప్రతి ఆదివారం వండుకోవడం.

అదే సమయంలో మార్చడానికి ఒప్పుకోనివీ కొన్ని ఉన్నాయి. ఆలివ్ నూనె ఖరీదైనా సరే కొనేవాళ్లు, పిల్లల బట్టల ఖర్చు తగ్గించుకునైనా సరే. జున్ను, టమాటా డబ్బాలు ఇటలీ నుంచి తెప్పించే వ్యాపారులు ప్రతి పేటలో వెలిశారు. ఇంటి వెనుక చారెడు నేల ఉంటే టమాటా, తులసి జాతి ఆకు బేసిల్, మిరప. ఎండాకాలం చివర ఇంటిల్లిపాదీ కూర్చుని టమాటాలు ఉడికించి సీసాల్లో నింపేవాళ్లు, మన ఇళ్లల్లో ఆవకాయ పెట్టే రోజుల సందడి లాంటిదే. అంజీర్ చెట్టు సంగతి ఇంకా చిత్రం. న్యూయార్క్ చలికి అది తట్టుకోలేదు. అందుకని చలికాలం వచ్చేముందు కొమ్మలకు గోనెపట్టాలు చుట్టి, కొందరైతే చెట్టునే వంచి మట్టిలో కప్పి, ఎండలు రాగానే మళ్లీ లేపేవాళ్లు. ఇంత తిప్పలు ఎన్ని పండ్ల కోసమో వాళ్లకే తెలియాలి.

బయటి లోకం మాత్రం ఈ తిండిని మెచ్చలేదు. వెల్లుల్లి వాసనను చీదరించుకున్నారు. అన్నీ కలిపి ఒకే గిన్నెలో వండే పద్ధతి జీర్ణానికి మంచిది కాదని అప్పటి పోషకాహార నిపుణులు చెప్పేవాళ్లు. సేవా సంస్థల ఆడవాళ్లు వలస ఇళ్లకు వెళ్లి ఉడికించిన మాంసం, బంగాళాదుంప, పాలు తినమని నేర్పేవాళ్లు. ఒక కుటుంబం అమెరికా పద్ధతికి మారిందా లేదా అని రాసుకునేటప్పుడు ఇంకా స్పఘెట్టీయే తింటున్నారా అన్నదీ ఒక లెక్కే. బడిలో ఇంటి టిఫిన్ విప్పడానికి పిల్లలు సిగ్గుపడేవాళ్లు. తల్లులు మాత్రం వినలేదు. వినకపోవడమే మంచిదైంది.

ఆ స్పఘెట్టీ వెనుక మనవాళ్లకు ఆసక్తి కలిగించే పాత సంగతి ఒకటుంది. 1154లో సిసిలీ రాజు రెండో రోజర్ కోసం ప్రపంచ భూగోళం రాసిన అరబ్బు పండితుడు అల్ ఇద్రీసీ, ఆ ద్వీపంలోని త్రబియా అనే ఊళ్లో ఇత్రియా అనే ఎండబెట్టిన పిండి పోగులు పెద్ద ఎత్తున తయారవుతున్నాయని, ఓడల కొద్దీ అటు కలాబ్రియాకు, ఇటు ముస్లిం దేశాలకు పోతున్నాయని రాశాడు. ఎండు పాస్తా వ్యాపారం గురించి దొరికే తొలి కబుర్లలో ఇదొకటి. ఈద్ రోజు షీర్ ఖుర్మాలో వేసుకునే సేవయ్యా కూడా ఎండబెట్టిన పిండి పోగులే కదా. ఇక టమాటా అయితే అమెరికా ఖండం నుంచి యూరప్ చేరిన పంట. అంటే ఇటాలియన్లు అమెరికాకు మోసుకెళ్లిన పళ్లెంలో సగం ఎప్పుడో అక్కడి నుంచే వచ్చిందన్నమాట.

ఎత్తోరె అన్న దగ్గరే ప్లాజా వంటింట్లో చేరి, అంచెలంచెలుగా పైకి వచ్చాడు. అమెరికాలో ఆయన పేరు హెక్టర్ అయింది. తర్వాత ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ చేరి హోటల్ వింటన్‌లో పెద్ద వంటవాడయ్యాడు. ఉక్కు కర్మాగారాలతో, రేవుతో కిటకిటలాడే ఊరది. సిసిలీ వాళ్లు వుడ్‌లాండ్ అవెన్యూ చుట్టుపక్కల పండ్లు, కూరగాయల వ్యాపారం చేసుకుంటుంటే, అబ్రుజ్జి వైపు నుంచి వచ్చిన రాతి పనివాళ్లు ఊరికి తూర్పున లిటిల్ ఇటలీ పేటలో స్థిరపడ్డారు. ఎత్తోరె 1923లో హెలెన్‌ను పెళ్లి చేసుకున్నాడు. వాళ్లకు ఒక కొడుకు, మారియో.

1920ల మధ్యలో భార్యాభర్తలు సొంత హోటల్ పెట్టారు. పేరు ఇల్ జార్దినో దిటాలియా, అంటే ఇటలీ తోట. సరిగ్గా అదే సమయంలో, 1924లో, అమెరికా వలసల చట్టం మార్చి ఇటాలియన్లను ఏడాదికి నాలుగు వేల లోపుకు కుదించేసింది. మనుషులకు తలుపు మూసుకుంది గానీ వాళ్ల వంటకు అప్పుడే తలుపు తెరుచుకుంటోంది. మొదటి యుద్ధం రోజుల్లో మాంసం పొదుపు చేయాల్సి వచ్చినప్పుడు స్పఘెట్టీ చవకైన, కడుపు నింపే తిండిగా అమెరికన్ ఇళ్లకు పరిచయమైంది. ఇటలీ నుంచి సరుకు రాక ఆగడంతో స్థానిక పాస్తా కార్ఖానాలు కూడా పెరిగాయి.

బొయార్ది హోటల్‌కు గిరాకీ బాగా వచ్చింది. వచ్చినవాళ్లు తిని ఊరుకోలేదు, ఇంటికి కూడా కావాలన్నారు. దాంతో ఆయన కడిగిన పాల సీసాల్లో సాస్ నింపి ఇవ్వడం మొదలుపెట్టాడు. సాస్ ఒక్కటే ఇస్తే ఏం లాభం? పాస్తా ఎంతసేపు ఉడికించాలో చాలామందికి తెలియదు. అందుకని సాస్‌తో పాటు ఎండు స్పఘెట్టీ, తురిమిన జున్ను పొట్లం కట్టి, ఎలా వండాలో చెప్పి పంపేవాడు. చూడ్డానికి చిన్న విషయమే. కానీ ఆయన తర్వాతి జీవితమంతా ఈ మూడు పొట్లాల నుంచే పుట్టింది.

హోటల్‌కు తరచూ వచ్చే మోరిస్ వీనర్, ఈవా వీనర్ దంపతులకు కిరాణా దుకాణాల వ్యాపారం ఉండేది. సాస్‌ను పెద్ద ఎత్తున డబ్బాల్లో నింపే పద్ధతి తయారు చేయడంలో, దుకాణాలకు చేర్చడంలో వాళ్లు సాయం చేశారు. 1928లో కార్ఖానా మొదలైంది. పావొలో, మరో సోదరుడు మారియో కూడా వ్యాపారంలో కలిశారు. ప్లాజాలో పెద్దోళ్లకు వడ్డించే పావొలో, అక్కడికి వచ్చే ఏ అండ్ పీ దుకాణాల గొలుసు యజమాని జాన్ హార్ట్‌ఫర్డ్‌కు తమ్ముడి సాస్ రుచి చూపించి ఒప్పించాడని ఆ కుటుంబంలో చెప్పుకుంటారు.

ఇక్కడే పేరు గొడవ వచ్చింది. అమ్మేవాళ్లకు, కొనేవాళ్లకు బొయార్ది అని పలకడం రాలేదు. ఒకడు ఒకలా, ఇంకొకడు ఇంకోలా. చివరికి ఆయన తన ఇంటిపేరును మూడు ముక్కలు చేసి, నోరు తిరిగేట్టు బాయ్-ఆర్-డీ అని డబ్బా మీద అచ్చు వేయించాడు. ఇటాలియన్లందరూ గర్వంగా తమ పేరు చెప్పుకోవాలని ఆయనకు ఉండేదట, అయినా డబ్బా అమ్ముడుపోవాలి కదా. విదేశంలో తమ పేర్లను సగానికి కత్తిరించుకున్న మన ఇంజనీర్ పిల్లలకు ఈ బాధ బాగా తెలుసు. వాళ్లు పేరును ఆఫీసు వరకే మార్చుకుంటారు. ఈయన పేరు దేశమంతటా డబ్బాల మీద మారిపోయింది.

1929లో అమెరికా ఆర్థికంగా కుప్పకూలింది. పనుల్లేవు, జీతాల్లేవు. ఒక పెట్టె కొంటే ఇంటిల్లిపాదికీ వేడి భోజనం అవుతుందన్న మాట అప్పుడు పనిచేసింది. గిరాకీ పెరిగి క్లీవ్‌లాండ్ చాలలేదు. 1938లో కార్ఖానాను పెన్సిల్వేనియాలోని మిల్టన్‌కు మార్చారు. సస్క్వెహన్నా నది ఒడ్డున చిన్న ఊరు. చుట్టూ పొలాలు. అక్కడి రైతులతో టమాటా వేయించారు, పుట్టగొడుగులైతే కార్ఖానాలోనే పెంచారు. జున్ను మాత్రం ఇటలీదే. పర్మేజాన్ జున్నును అమెరికాకు అత్యధికంగా దిగుమతి చేసుకునేవాళ్లలో ఈ కంపెనీ ఒకటిగా నిలిచింది. నలభై లక్షల మంది వలస కూలీలు నూనె డబ్బా కోసం, జున్ను ముక్క కోసం వెతుక్కున్న దేశంలో, వాళ్లలో ఒకడు వాటిని ఓడల లెక్కన తెప్పించాడు.

ఆయన పియాచెంజా వాడు, వెన్న, గుడ్డు పాస్తా తినే ప్రాంతం వాడు. కానీ అమెరికాకు అమ్మింది ఎండు స్పఘెట్టీ, టమాటా సాస్. అది ప్రధానంగా నేపుల్స్ వైపు దక్షిణాది వంట. కొనేవాళ్లకు ఇటలీ అంటే అదే తెలుసు కాబట్టి ఆయన కూడా అదే ఇచ్చాడు. హైదరాబాద్ వాడు లండన్‌లో హోటల్ పెట్టి, జనం అడుగుతున్నారని పంజాబీ వంట వండినట్టు.

1941 డిసెంబర్‌లో అమెరికా యుద్ధంలోకి దిగింది. ఇటలీ శత్రుదేశమైంది. పౌరసత్వం తీసుకోని ఆరు లక్షల మంది ఇటాలియన్లను ప్రభుత్వం శత్రుదేశస్థులుగా ముద్ర వేసింది. ఫొటో అంటించిన గుర్తింపు పుస్తకం జేబులో పెట్టుకుని తిరగాలి, రేడియోలు, కెమెరాలు అప్పగించాలి. కొడుకులు అమెరికా సైన్యంలో పోరాడుతుంటే పౌరసత్వం లేని ముసలి తల్లులు పోలీసు స్టేషన్ ముందు వరసలో నిలబడ్డారు. 1942 అక్టోబర్‌లో గానీ ఆ ముద్ర తొలగలేదు. అదే రోజుల్లో మిల్టన్ కార్ఖానా రాత్రింబవళ్లు నడుస్తోంది. అమెరికా సైనికులకు డబ్బా భోజనం తయారవుతోంది. అంటే ఇటలీలో దిగి పోరాడిన సైనికుల్లో కొందరు అంతకుముందే ఇటలీ వంటవాడి చేతి లెక్కతో చేసిన తిండి తిన్నారు. కార్ఖానా చేసిన పనికి అమెరికా యుద్ధ శాఖ ఆయనను సత్కరించింది.

యుద్ధం ఆగిపోయింది, ఆర్డర్లు ఆగిపోయాయి. అప్పటికి వేలమంది పనివాళ్లు, పెద్ద పెద్ద యంత్రాలు. తగ్గించుకుందామంటే జనాన్ని ఇంటికి పంపాలి, నడుపుదామంటే పెట్టుబడి కావాలి. అన్నదమ్ముల మధ్య కూడా ఒక్క మాట కుదరలేదు. 1946లో కంపెనీని అమెరికన్ హోమ్ ఫుడ్స్‌కు అమ్మేశారు. సుమారు అరవై లక్షల డాలర్లు వచ్చాయి. పనివాళ్ల కొలువులు నిలబడ్డాయి. ఆ డబ్బులో కొంత ఉక్కు కార్ఖానాలో పెట్టారు. కొరియా యుద్ధ కాలంలో అదీ బాగానే నడిచింది.

వంట మాత్రం చేయి జారింది. బొయార్ది కంపెనీకి సలహాదారుగా, డబ్బా మీది మొహంగా ఉండిపోయాడు. టీవీ వచ్చాక తెల్ల టోపీ పెట్టుకుని ఆ యాసతోనే ప్రకటనల్లో కనిపించాడు. కానీ మూడు పొట్లాల పెట్టె కాలం పోయి, అన్నీ కలిపేసిన డబ్బాల కాలం వచ్చింది. మూత తీసి వేడి చేసుకుంటే చాలు. డబ్బాలో నెలల తరబడి నానిన పాస్తా ఎంత మెత్తగా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇటలీలో పాస్తా పంటికి కాస్త తగలాలంటారు. పిల్లలకు నచ్చేలా సాస్‌లో తీపి పెరిగింది. ఇటాలియన్ల రెండో, మూడో తరం ఆ డబ్బాను చూసి నవ్వుకోవడం మొదలుపెట్టింది. నానమ్మ వంటకూ దానికీ సంబంధమే లేదన్నారు. మాట నిజమే. అయితే నానమ్మ వంటను చూసి బడిలో ముక్కు మూసుకున్న వాళ్ల పిల్లలు, మనవలు వెల్లుల్లి, టమాటా, జున్ను కలిసిన వాసనకు అలవాటు పడటంలో ఆ డబ్బా పాత్ర కూడా కొట్టిపారేయలేనిది. అమెరికా పల్లెల్లో ఇటాలియన్ అనేవాడిని ఎన్నడూ చూడని ఇళ్లల్లో కూడా మొదటి స్పఘెట్టీ ఆయన పెట్టెలోంచే వచ్చింది.

ఎల్లిస్ ఐలాండ్ నుంచి వచ్చిన లక్షల మందిలో ఎక్కువమంది పేర్లు రికార్డు పుస్తకాల్లోనే ఉండిపోయాయి. వాళ్లు పెంచిన అంజీర్ చెట్లు కొన్ని పాత పేటల్లో ఇంకా కాస్తున్నాయి.

హెక్టర్ బొయార్ది 1985 జూన్ 21న, 87 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. చివరి రోజులు గడిపింది క్లీవ్‌లాండ్ పక్కనే ఉన్న ఒక ఊళ్లో. ఆ ఊరి పేరు పార్మా. ఆయన ఓడల కొద్దీ తెప్పించిన జున్నుకు పేరిచ్చిన అసలు పార్మా, ఇటలీలో ఆయన పుట్టిన పియాచెంజాకు పక్క జిల్లాలో ఉంది.